రెండు పానగళ్లు, ఒక ఆట

ఏ ఆన్‌లైన్ గేమ్‌కైనా ఎక్స్‌పాన్షన్ వచ్చిందంటే ఆడేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "కొత్త సరుకు ఎంతుంది? పెట్టిన డబ్బులకు గిట్టుబాటేనా?" దీనికి జవాబు కావాలంటే అందరూ యూట్యూబ్ చూస్తారు. నేను మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ వెళ్లొచ్చాను. ఎందుకో చెప్తాను.

ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2. 1999లో వచ్చింది. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో కొత్త హంగులు దిద్దుకుని, ఇప్పటికీ ఆన్‌లైన్‌లో పోటీలు నడుపుతోంది. ఇంజినీరింగ్ హాస్టల్లో ల్యాన్ కేబుళ్లు లాగి తెల్లవార్లూ ఆడినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఒక ఊరు, ముగ్గురు పనివాళ్లతో ఆట మొదలవుతుంది. వాళ్లతో కట్టెలు కొట్టించాలి, రాళ్లు తవ్వించాలి, పొలాలు వేయించాలి. ఆ సంపాదనతో సైన్యం పెంచి, కోట కట్టుకుని, ఎదుటివాడి కోట కూలగొట్టాలి.

చాలా ఏళ్లు ఈ ఆటలో మన దేశం లేనేలేదు. 2013లో వచ్చిన 'ది ఫర్‌గాటెన్'లో 'ఇండియన్స్' అని ఒకే ఒక్క నాగరికత పెట్టారు. కశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా అందరం అందులోనే సర్దుకున్నాం. తర్వాత 2022 ఏప్రిల్ 28న 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే ఎక్స్‌పాన్షన్ విడుదలైంది. ధర 9.99 డాలర్లు. పాత ఇండియన్స్‌ని హిందుస్థానీలుగా మార్చారు. బెంగాలీలు, గూర్జరులు, ద్రవిడులు అని మూడు కొత్త నాగరికతలు ఇచ్చారు. బాబరు, రాజేంద్ర చోళుడు, దేవపాలుడు... ఈ ముగ్గురి కథల్నీ యుద్ధాలుగా ఆడుకోవచ్చు.

మరి తెలుగువాళ్లం ఎక్కడున్నాం? ద్రవిడుల్లో. మా నాన్నవాళ్లది నల్లగొండ వైపు, అమ్మవాళ్లది మహబూబ్‌నగర్ వైపు. ఈ రెండు జిల్లాల చరిత్ర ఆ ఒక్క పేరులో ఎంత పట్టిందో నేలమీద నిలబడి చూడాలనిపించింది. మూడ్రోజులు సెలవు పెట్టి, రూమ్మేట్ కారులో బయల్దేరాం. జిల్లాలు విడిపోయాక కొన్ని ఊర్లు వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కి వెళ్లిపోయాయి గానీ, నా లెక్కలో అన్నీ పాత పాలమూరే.

కొత్తదనాన్ని కొలిచేదెలా?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు రిలీజ్ నోట్స్ పొడుగు చూసి మురిసిపోయే జబ్బు ఉంటుంది. నలభై ఫీచర్లు ఇచ్చాం అంటాం. వాడేవాడు మాత్రం నిన్నటిలాగే అదే బటన్ నొక్కుతుంటాడు. గేమ్ ఎక్స్‌పాన్షన్ కూడా అంతే. కొత్త బొమ్మలు, కొత్త పేర్లు ఎన్నైనా ఇవ్వొచ్చు. నిన్నటిలాగే ఆడితే ఇవాళ ఓడిపోతున్నామంటే, అప్పుడు కొత్తదనం ఉన్నట్టు.

ఈ కొలత ప్రకారం గూర్జరులకు మంచి మార్కులు పడతాయి. మిగతా నాగరికతల్లో గొర్రెల్ని కోసి తినేస్తాం. గూర్జరులు వాటిని మిల్లులో కట్టేసి ఉంచితే ఆహారం ఊరుతూనే ఉంటుంది. దాంతో మొదటి ఐదు నిమిషాల ఆటే మారిపోతుంది. గొర్రెని ఇప్పుడే కోయాలా, దాచుకోవాలా అని ఆలోచిస్తాం. బెంగాలీలకు యుగం మారినప్పుడల్లా ఊరి కేంద్రం నుంచి ఇద్దరు పనివాళ్లు ఉచితంగా వస్తారు. అదీ బాగానే ఉంది.

ద్రవిడులకు యుగం మారినప్పుడల్లా 200 కట్టెలు వస్తాయి. చేపలు పట్టేవాళ్లు ఎక్కువ మోస్తారు. జట్టులో ఉన్న అందరి ఓడరేవులూ జనాభాకి చోటిస్తాయి. తిరిసడై అని పెద్ద యుద్ధనౌక ఉంది. ఉరుమి తిప్పే కాల్బలం ఉంది. సైనికులు మాట్లాడేది తమిళం. రాజేంద్ర చోళుడి సముద్ర దండయాత్రలు గుర్తుంటే ఇదంతా అతికినట్టే ఉంటుంది.

ఒక మెచ్చుకోలు కూడా చెప్పాలి. ద్రవిడుల ప్రత్యేక విద్యల్లో 'వూట్జ్ స్టీల్' ఒకటి. అది పరిశోధిస్తే మన సైనికుల కత్తి ముందు ఎదుటివాడి కవచం ఉన్నా లేనట్టే. ఆ వూట్జ్ అనే మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకి పేరుమోసిన ఊరు. ఆ ఒక్క బటన్ నొక్కినప్పుడు తెలంగాణవాడికి కాస్త ఛాతీ పొంగుతుంది.

కానీ నల్లగొండకు సముద్రం లేదు. పాలమూరుకు అసలే లేదు. ఓడరేవు, చేపల పడవ, యుద్ధనౌక తీసేస్తే ఈ ఎత్తుభూమికి ఏం మిగులుతుంది?

రాయి చెప్పిన కబురు

విజయవాడ హైవే మీద నకిరేకల్ దాకా వెళ్లి, అక్కడినుంచి చందుపట్లకి తిరిగాం. మామూలు ఊరే. కానీ కాకతీయుల చరిత్రలో ఒక తేదీ ఇక్కడి శాసనం వల్లే దొరికింది. 1289 నవంబర్ 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథదేవుడికి భూమి దానం చేశాడని ఆ శాసనం చెబుతుంది. ఇది బయటపడక ముందు ఆమె 1295 దాకా పాలించిందనే అనుకునేవారు. తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితో పోరులోనే ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారుల అంచనా.

ఓరుగల్లు నుంచి ఇంత దూరం దండు నడిపించుకుంటూ వచ్చిన, వయసు మళ్లిన రాణి. ఒక గేమ్‌కి ఇంతకన్నా మంచి కథ ఏం కావాలి? డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో కాకతీయులకు ప్రత్యేకంగా కథ లేదు. విజయనగరానికీ లేదు. ద్రవిడులకు నైట్ లాంటి బరువైన అశ్వదళమూ లేదు. రౌతు అనే మాట ఊళ్లో ఇంటిపేరుగా, పాత కథల్లో బిరుదుగా ఇప్పటికీ వినిపించే ప్రాంతం ఇది. అరబ్బు గుర్రాల కోసం విజయనగరం పోసిన సొమ్ము లెక్కలేదు. మా రూమ్మేట్ మాత్రం, "అన్నీ పెట్టాలంటే ఆట అవదురా, ఎన్‌సైక్లోపీడియా అవుతుంది" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే, పేర్లు లేవన్న ఫిర్యాదు పక్కన పెట్టి, ఆడే పద్ధతి ఎక్కడ మారేదో చూద్దామనుకున్నాం.

మొదటి పానగల్లు: నీళ్లది

నల్లగొండ పట్నం దాటగానే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంలో జనం చూసేది నీడని. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. అక్కడ నిలబడి ఏ స్తంభందో కనిపెడదామని అందరూ చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు. మేమూ పెట్టాం. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుగుని స్తంభాలు అడ్డుకుని, ఆ నీడలన్నీ ఒకేచోట కలిసేలా కట్టారు. అదే ఊళ్లో పచ్చల సోమేశ్వరాలయం ఉంది. పక్కన మ్యూజియం ఉంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఊరి పక్కన ఉన్న ఉదయసముద్రం. పేరులో సముద్రం ఉన్నా అది చెరువు. కందూరు చోడుల కాలంలో తవ్వించింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా అది రిటైర్ కాలేదు. నాగార్జునసాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాలువలో ఇక్కడికి తెస్తున్నారు. ఏఎంఆర్ ప్రాజెక్టులో ఇప్పుడిది 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. కట్ట మీద సాయంత్రం నడకకు వచ్చినవాళ్లు, గాలం వేసుకుని కూర్చున్న పిల్లలు కనిపించారు.

కందూరు చోడులు అన్నాను కదా, వీళ్లూ చోళవంశం పేరు చెప్పుకున్నవాళ్లే. తంజావూరు చోళులకు బద్ధశత్రువులైన కల్యాణి చాళుక్యులకు వీళ్లు సామంతులు! ఆటలో రాజేంద్ర చోళుడి కథ ఆడుతూ చాళుక్యుల మీదికి ఏనుగుల్ని తోలినప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తే భలే తమాషాగా ఉంటుంది. ఇంటిపేరు అదే, జెండా మాత్రం అవతలివాళ్లది.

ఇక అసలు విషయానికొస్తే, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2లో పొలం వేయడానికి 60 కట్టెలు చాలు. ఎక్కడైనా వేయొచ్చు. నీళ్లు అక్కర్లేదు. వేశాక అది 175 పాళ్లు ఆహారం ఇస్తుంది. యూరప్‌లో ఏడాది పొడుగునా తుంపర్లు పడే నేలకు ఈ లెక్క సరిపోతుందేమో గానీ, ఇక్కడ నాలుగు నెలల్లో పడే వానని పట్టి ఉంచకపోతే రెండో పంట మాట దేవుడెరుగు, మొదటిదే గ్యారంటీ లేదు. అందుకే ఈ నేల మీద రాజ్యం అంటే ముందు చెరువు. కట్ట, తూము, అలుగు, కింద ఆయకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు. తవ్వించినవాడికి ఆయకట్టులో పదోవంతు దశబంధంగా ఇచ్చేవారు. నీళ్లు పంచడానికి ఊరికో నీరటి. తెలంగాణ వచ్చాక 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు లెక్కకొచ్చిన చెరువులే 46 వేలకు పైగా ఉన్నాయి.

దీన్ని ఆటలోకి తెస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పల్లంలో కట్ట వేస్తేనే పొలం పండాలి. చెరువు కింద వేసిన పొలం రెండింతలు ఇవ్వాలి. కట్ట తెగితే ఆయకట్టంతా ఒకేసారి పోవాలి. అప్పుడు కోట ముందా, చెరువు ముందా అని ఆలోచించక తప్పదు. గొర్రెల మిల్లుతో గూర్జరులకు ఇచ్చింది ఇలాంటి ఆలోచనే.

దేవరకొండ మీదుగా కందూరుకి

మర్నాడు దేవరకొండ వెళ్లాం. ఏడు గుట్టల మధ్య పద్మనాయకులు కట్టిన కోట. రాచకొండలో అనపోతానాయకుడు, ఇక్కడ అతని తమ్ముడు మాదానాయకుడు. గుట్ట వంపుని బట్టే గోడ వంపు తిరుగుతుంది. ఆటలో ఒక పాత సూత్రం ఉంది. ఎత్తు మీద నిలబడి కొడితే దెబ్బ 25 శాతం ఎక్కువ, కింద నుంచి కొడితే 25 శాతం తక్కువ. 2023లో వచ్చిన 'ది మౌంటెన్ రాయల్స్'లో జార్జియన్లకు ఎత్తు మీద ఉన్నప్పుడు దెబ్బ తక్కువ తగిలే వరం కూడా ఇచ్చారు. ఆ వరం దేవరకొండకు ఎందుకివ్వలేదని గోడ ఎక్కుతూ ఆయాసపడుతూ అడిగాడు మా వాడు. నా దగ్గర జవాబు లేదు, ఊపిరి కూడా లేదు.

అక్కడినుంచి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా కందూరు చేరాం. దారిలో కోసేసిన చేలల్లో గొర్రెల మందలు కనిపించాయి. రాత్రికి మంద పెట్టించుకుంటే పొలానికి ఎరువు, కాపరికి గింజలు. గూర్జరుల మిల్లు కన్నా పాత ఒప్పందం ఇది.

కందూరు ఇప్పుడు అడ్డాకుల మండలంలో, బెంగళూరు హైవేకి దగ్గర్లో ఉంది. రామలింగేశ్వరస్వామి గుడి చుట్టూ కదంబ చెట్లు. పానగల్లు చెరువు తవ్వించిన రాజులకు ఇంటిపేరు ఇచ్చిన ఊరు ఇదే. అంటే నల్లగొండ, పాలమూరు మధ్య మేం కారులో వచ్చిన దూరమంతా ఒకప్పుడు ఒకే ఇంటి పొలం.

కోయిలకొండ: మాట ఇచ్చిన కోట

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్లకు 'వొలొలో' అనగానే నవ్వొస్తుంది. సన్యాసి కర్ర ఎత్తి ఆ కూత కూస్తే ఎదుటి సైనికుడు రంగు మారి మనవాడైపోతాడు. పక్షం మారడానికి ఆటలో ఉన్న దారి అదొక్కటే.

మహబూబ్‌నగర్ నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే కోయిలకొండ. 1550లో గోల్కొండ సింహాసనం ఖాళీ అయినప్పుడు, విజయనగరంలో ఏళ్ల తరబడి తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా తిరిగొచ్చాడు. కోయిలకొండ కోటని కాపలా కాసే నాయక్వాడీలు, అంటే స్థానిక తెలుగు సైనికులు, అతని పక్షాన ఉంటామని ప్రమాణం చేసి ఆ మాటని తెలుగులో రాతి మీద చెక్కించారు. తర్వాత ఆ ఇబ్రహీమే తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు.

ఈ ఎత్తుభూమి రాజకీయమంతా ఇలా మాట మీద నడిచింది. రాజు పేరు మారేది, కోటలో నాయకుడు ఉండేవాడు. అతను ఎటు మొగ్గితే రాజ్యం అటు. ఆటలో దీన్ని తేవడం కష్టమేమీ కాదు. మ్యాప్ మీద ఎవరికీ చెందని కోటలు నాలుగు పెట్టి, వాటి నాయకుల్ని బంగారంతోనో భూమితోనో మెప్పించుకునేలా చేస్తే చాలు. ఎక్స్‌పాన్షన్‌లో రథాలు, చక్రాలు, ఒంటెలు అన్నీ వచ్చాయి. నాయకుడు రాలేదు.

రెండో పానగల్: ముట్టడిది

ఆఖరి రోజు వనపర్తి వైపు పానగల్ కోట. నల్లగొండ పానగల్లుతో పేరు కలుస్తుంది కాబట్టి మ్యాప్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్‌షా ఈ కోటని ముట్టడించాడు. ఫిరిష్తా రాసిన చరిత్ర ప్రకారం ముట్టడి రెండేళ్లు సాగింది. చివరికి దండులో రోగం ప్రబలి మనుషులు, గుర్రాలు చచ్చిపోయాయి. అప్పుడు విజయనగర సేనలు వచ్చిపడ్డాయి. ఫిరోజ్‌షా ఓడి వెనక్కి పోయాడు.

ఆటలో ద్రవిడులకు ముట్టడి యంత్రాలు 33 శాతం తక్కువ కట్టెలకే వస్తాయి. నాలుగు ట్రెబుషే యంత్రాలు వరసగా పెడితే ఎంత కోటైనా కొన్ని నిమిషాల్లో మట్టి. పానగల్ గుట్ట కింద నిలబడి పైకి చూస్తే ఆ నిమిషాలు ఇక్కడ రెండేళ్లు ఎందుకయ్యాయో అర్థమవుతుంది. గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కంటికి ఆనదు.

దిగేటప్పుడు గొర్రెలు కాసే తాత ఒకాయన పలకరించాడు.

"యాడికెళ్లి వచ్చిన్రు బిడ్డా?"

"హైదరాబాద్ నుంచి తాతా, కోట చూద్దామని."

"పైకి పోయి నీళ్లు జూసిన్రా మరి? రాళ్లు ఏ గుట్ట మీదైనా ఉంటయి. పైన నీళ్లుంటెనే లోపలోడు బతుకుతడు."

రెండేళ్ల ముట్టడి గుట్టు ఆ తాత ఒక్క మాటలో చెప్పేశాడు. మొదటి పానగల్లులో చెరువు, రెండో పానగల్‌లో గుట్ట మీద నిలిచే వాననీళ్లు. ఈ నేల మీద గెలుపోటముల లెక్క నీళ్లతోనే మొదలవుతుంది.

పనివాళ్ల సంగతి

ఆట ఏదైనా మొదట కనిపించేది ముగ్గురు పనివాళ్లు. కోట వాళ్లే కడతారు, వండర్ వాళ్లే కడతారు. పాలమూరులో ఈ బొమ్మని చూసి నవ్వలేం. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతే, దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడ మట్టి మోసినవాళ్లు పాలమూరు లేబర్. ఊరి చెరువు ఎండి, బతకడానికి ఇంకొకరి ఊళ్లో డ్యామ్ కట్టినవాళ్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసిన నాగార్జునసాగర్ కూడా మనుషులు రాయి మీద రాయి పేర్చిన ఆనకట్టే. మా అమ్మమ్మ ఇంటి గోడ మీద ఉన్న తాత ఫొటో ఏదో ప్రాజెక్టు క్యాంపులో తీయించుకున్నది. అది ఏ రాష్ట్రమో కూడా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

కరువొస్తే పనివాళ్లు ఊరు విడిచిపోయే ఏర్పాటు ఆటలో లేదు. ఉంటే, చెరువు కట్టడాన్ని ఎవరూ వాయిదా వేయరు.

మరి చాలా?

ఆడేవాడిగా చెప్పమంటే, ఆ పది డాలర్లకు డైనాస్టీస్ ఆఫ్ ఇండియా గిట్టుబాటే. మూడు నాగరికతలు, మూడు కథలు, గూర్జరుల గొర్రెలు... నెలల తరబడి ఆడొచ్చు. ఒక్క 'ఇండియన్స్' దగ్గర్నుంచి నాలుగు పేర్ల దాకా రావడం చిన్న అడుగేం కాదు.

ఈ ఎత్తుభూమి వాడిగా చెప్పమంటే, చాలదు. ద్రవిడులకు తీరం దక్కింది. లోపలి నేల దక్కలేదు. తెలుగు అని ఇంకో పేరు చేర్చి, అవే పొలాలు, అవే కోటలు ఇచ్చినా ఈ లోటు తీరదు. ఒక చెరువు, ఒక నాయకుడు, ఒక కరువు ఇస్తే పేరు ఏదైనా ఫర్వాలేదు.

కంపెనీ ఇచ్చేదాకా ఊరికే ఉండక్కర్లేదు. ఆటతోపాటే సినారియో ఎడిటర్ వస్తుంది. మన మ్యాప్ మనమే గీసుకోవచ్చు, ఇలా జరిగితే అలా జరగాలి అని ట్రిగ్గర్లు రాసుకోవచ్చు. తిరిగొచ్చాక నేను పానగల్లు మ్యాప్ మొదలుపెట్టాను. కట్టకు బదులు ఒక గోడ పెట్టి, శత్రువు దాన్ని పడగొడితే కింది పొలాలన్నీ మాయమయ్యేలా రాశాను. అది పనిచేస్తోంది. మొదటిసారి ఆడిన మా రూమ్మేట్ అలవాటు ప్రకారం సైన్యాన్నంతా నా మీదికి తోలాడు. వెనక కట్ట తెగింది. పది నిమిషాల్లో వాడి ఊళ్లో తిండి లేదు.

ఇప్పుడు వాడు కట్ట దగ్గర నలుగురిని కాపలా పెట్టాకే పోరుకి వస్తున్నాడు.

వెళ్లాలనుకుంటే: హైదరాబాద్ నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు వంద కిలోమీటర్లే, బస్సులు బాగా ఉన్నాయి. పానగల్లు గుళ్లకు నల్లగొండ నుంచి ఆటోలో వెళ్లొచ్చు. దేవరకొండ, కోయిలకొండ, పానగల్ కోటలు ఎక్కాలంటే వానలు వెలిశాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. పొద్దున్నే మొదలుపెట్టండి. మంచినీళ్లు మాత్రం మీరే మోసుకెళ్లండి.